కొగ్గల నుంచి కాకినాడ దాకా: 1942లో ఒక కెనడా పైలట్, మన తీరం

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకి గుర్తొచ్చేవి హిట్లర్, హిరోషిమా, మహా అయితే పెర్ల్ హార్బర్. స్కూల్ సోషల్ పుస్తకంలో ఆ పాఠం యూరప్‌లో మొదలై జపాన్‌లో ముగిసిపోతుంది. మధ్యలో బంగాళాఖాతం పేరు దాదాపు రాదు. కానీ బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు వెళ్తే వచ్చే సూర్యలంక, రేపల్లె దాటి కిందికి దిగితే వచ్చే నిజాంపట్నం, మనం ఆదివారాలు ఫోటోలు దిగే ఆ సముద్రం, 1942 ఏప్రిల్ మొదటి వారంలో నిజంగానే యుద్ధరంగం.

ఆ వారం కథలో ముందుగా వచ్చేది ఒక కెనడా పైలట్. పేరు లెనార్డ్ బిర్చాల్. కెనడాకీ మన తీరానికీ ఏం సంబంధం అని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ వ్యాసంలో ఆ సంబంధాన్ని ఒక్కో మెట్టుగా చూద్దాం. చివరికి ఇది విమానాల కథగా మాత్రమే మిగలదు. యుద్ధానికి వెళ్ళాలా వద్దా అని ఎవరు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయానికి మూల్యం ఎవరు కడతారు అనే ప్రశ్న దగ్గరికి వస్తుంది.

1. రెండు దేశాలు, ఒకే రాజు, రెండు దారులు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు కెనడా, ఇండియా ఈ విషయంలో ఒకే స్థితిలో ఉన్నాయి. బ్రిటన్ యుద్ధం ప్రకటిస్తే రెండూ యుద్ధంలో ఉన్నట్టే. ఎవరినీ అడిగే పని లేదు. ఆ యుద్ధంలో కెనడా సుమారు 60 వేల మందిని పోగొట్టుకుంది. 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని విమీ రిడ్జ్ దగ్గర నాలుగు రోజుల్లోనే 3,500 మందికి పైగా కెనడా సైనికులు చనిపోయారు. ఆ రక్తం తర్వాత కెనడా ఒక మాట అడగడం మొదలుపెట్టింది: చచ్చేది మా వాళ్ళయితే నిర్ణయం కూడా మాదే కావాలి కదా అని. 1931లో వచ్చిన వెస్ట్‌మినిస్టర్ చట్టంతో ఆ హక్కు దొరికింది.

అందుకే 1939లో సీన్ మారింది. సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. కెనడా వెంటనే దూకలేదు. పార్లమెంటు సమావేశమైంది, చర్చ జరిగింది, యుద్ధం వద్దని గట్టిగా మాట్లాడిన వాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత సెప్టెంబర్ 10న కెనడా తన పేరు మీద తానే యుద్ధం ప్రకటించుకుంది.

మరి మనం? సెప్టెంబర్ 3నే వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. ఎన్నికైన నాయకులని ఒక్క మాట అడగలేదు. దానికి నిరసనగా ఆ అక్టోబర్‌లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో మొదలుపెట్టి కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె అన్నీ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లాలోవే. అంటే మన ఊళ్ళు ఓటేసి గెలిపించిన ప్రభుత్వం యుద్ధం మొదలైన రెండు నెలల్లోపే దిగిపోయింది.

ఈ తేడాని గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

2. కెనడా చేసిన పని, క్లుప్తంగా

అప్పటి కెనడా జనాభా కోటీ పది లక్షల చుట్టూ ఉండేది. అందులో సుమారు 11 లక్షల మంది సైన్యంలో పనిచేశారు. అంటే ప్రతి పది మందిలో ఒకరు. సుమారు 45 వేల మంది చనిపోయారు. మనవైపు నుంచి దాదాపు 25 లక్షల మంది భారత సైన్యంలో పనిచేశారు. వాళ్ళు నిర్బంధంగా కాకుండా తామే వచ్చి చేరినవాళ్ళు. సుమారు 87 వేల మంది ప్రాణాలు కోల్పోయారు.

కెనడా ఇంకో పెద్ద పని కూడా చేసింది. యుద్ధానికి దూరంగా ఉన్న తన ఖాళీ ఆకాశాన్ని ట్రైనింగ్ స్కూల్‌గా మార్చేసింది. కామన్వెల్త్ వైమానిక శిక్షణ పథకం కింద అక్కడ 1,31,000 మందికి పైగా విమాన సిబ్బంది తయారయ్యారు. పైలట్లు, నావిగేటర్లు, రేడియో ఆపరేటర్లు, గన్నర్లు. వీళ్ళని ప్రపంచమంతా పంపారు.

కెనడా సైనికులు, భారత సైనికులు పక్కపక్కన నిలబడ్డ చోట్లు కూడా ఉన్నాయి. 1941 డిసెంబర్‌లో హాంకాంగ్ రక్షణలో దాదాపు 2,000 మంది కెనడా వాళ్ళు, వాళ్ళతోపాటు రాజ్‌పుత్, పంజాబ్ రెజిమెంట్ల వాళ్ళు పోరాడారు. క్రిస్మస్ రోజున హాంకాంగ్ లొంగిపోయింది. మన సివిల్, మెకానికల్ ఫ్రెండ్స్ కోసం ఇంకో ఉదాహరణ: 1944 మే నెలలో ఇటలీలో గారి నది దాటడానికి ఎనిమిదో ఇండియన్ డివిజన్‌కి వంతెన కావాల్సి వచ్చింది. ఎదురుగా శత్రువు కాల్పులు. అప్పుడు కెనడా ట్యాంకు దళంతో ఉన్న ఒక ఇంజనీరు అధికారి, పైన తుపాకీ గోపురం తీసేసిన ట్యాంకు మీద బెయిలీ వంతెనని ఎక్కించి, వెనక నుంచి ఇంకో ట్యాంకుతో తోయించి నది మీద పెట్టించాడు. లాబ్‌లో మనం వేసే ట్రస్ లెక్క అక్కడ బుల్లెట్ల మధ్య వేశారు.

ఇవన్నీ దూరం. ఇక మన సముద్రానికి వద్దాం.

3. 1942 మొదట్లో పరిస్థితి

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి వెళ్ళింది. మార్చిలోనే అండమాన్ కూడా. ఈ మూడు పేర్లు తెలుగువాళ్ళకి మ్యాప్ మీద చుక్కలు కావు. రంగూన్ రేవులోనూ మిల్లుల్లోనూ పనిచేసిన కూలీల్లో తెలుగువాళ్ళు చాలామంది. అక్కడ తెలుగువాళ్ళని కొరంగీలు అనేవాళ్ళు, మన కోరంగి రేవు పేరు మీద. రంగూన్ పడిపోయేసరికి లక్షల మంది భారతీయులు ఓడ దొరికినవాళ్ళు ఓడల్లో, దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన ఇంటి దారి పట్టారు. దారిలో ఆకలికీ జ్వరాలకీ వేలమంది పోయారు.

జపాన్ నౌకాదళం తర్వాతి అడుగు హిందూ మహాసముద్రం. అడ్మిరల్ నగుమో నాయకత్వంలో ఐదు విమానవాహక నౌకలు బయల్దేరాయి: అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు. పెర్ల్ హార్బర్ మీద దాడిచేసిన ఆరింటిలో ఐదు ఇవే. లక్ష్యం శ్రీలంకలో ఉన్న బ్రిటిష్ నౌకాదళం. ఇంకోపక్క అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, క్రూజర్లు బంగాళాఖాతంలోకి వచ్చాయి. వీటి లక్ష్యం మన తీరం వెంబడి తిరిగే సరుకు ఓడలు.

4. ఏప్రిల్ 4, సాయంత్రం

కెనడా వైమానిక దళానికి చెందిన 413వ స్క్వాడ్రన్ అప్పటిదాకా స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఉండేది. అక్కణ్ణుంచి దాన్ని శ్రీలంక దక్షిణ తీరంలోని కొగ్గలకి పంపించారు. బిర్చాల్ ఏప్రిల్ 2న దిగాడు. ఆయనకి అప్పటికి 26 ఏళ్ళు, అంటే మనకంటే ఏడేళ్ళు పెద్ద.

వీళ్ళు నడిపేది కాటలీనా. నీళ్ళ మీద దిగి, నీళ్ళ మీద నుంచే ఎగిరే విమానం. రెండు ఇంజన్లు, తొమ్మిది మంది సిబ్బంది. దాని బలం వేగం కాదు, ఓపిక. గంటకి 200 కిలోమీటర్ల చుట్టుపక్కల వేగంతో ఇరవై గంటలకి పైగా గాల్లో ఉండగలదు. దాన్ని తరిమే జపాన్ జీరో ఫైటర్ గంటకి 500 కిలోమీటర్లు దాటి వెళ్తుంది. అంటే కాటలీనా శత్రువుని చూడగలదు కానీ పారిపోలేదు.

ఏప్రిల్ 4న తెల్లవారకముందే బిర్చాల్ విమానం గస్తీకి బయల్దేరింది. రోజంతా ఖాళీ సముద్రం. పని అయిపోవచ్చిన వేళ, శ్రీలంకకి దక్షిణంగా ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో, అంచున నల్లటి చుక్కలు కనిపించాయి. ఓడలే, కానీ ఎవరివి? దగ్గరికి వెళ్తే తప్ప తెలియదు. దగ్గరికి వెళ్తే తిరిగి రావడం కష్టం. వాళ్ళు దగ్గరికే వెళ్ళారు. లెక్కపెట్టారు. ఎన్ని ఓడలు, ఏ రకం, ఎటు వెళ్తున్నాయి, ఎంత వేగం అన్నీ మోర్స్ కోడ్‌లో పంపడం మొదలుపెట్టారు.

5. మూడుసార్లు ఎందుకు పంపారు?

ఇక్కడ మన బ్రాంచి వాళ్ళకి తెలిసిన ఒక సంగతి ఉంది. అప్పటి పద్ధతి ప్రకారం ఇలాంటి సందేశాన్ని మూడుసార్లు పంపాలి. ఎందుకంటే రేడియోలో గరగర శబ్దం, దూరం, వాతావరణం అన్నీ అక్షరాలని తినేస్తాయి. నెట్‌వర్క్స్ క్లాసులో చెప్పే మాటల్లో అయితే, అవతల నుంచి అందింది అనే జవాబు కోసం ఎదురుచూసే టైమ్ లేనప్పుడు, అదే పాకెట్‌ని మళ్ళీ మళ్ళీ పంపుతాం. ఒకదాంట్లో పోయిన ముక్క ఇంకోదాంట్లో దొరుకుతుంది.

మూడోసారి పంపుతుండగా జీరోలు పట్టుకున్నాయి. రేడియో దెబ్బతింది, ట్యాంకులు పగిలాయి, విమానం సముద్రంలో దిగింది. తొమ్మిది మందిలో ముగ్గురు చనిపోయారు. మిగిలిన ఆరుగురిని ఒక జపాన్ డిస్ట్రాయర్ ఎక్కించుకుంది.

సందేశం మాత్రం కొలంబో చేరింది. కొంచెం చెదిరిపోయి, కానీ చేరింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. బిర్చాల్‌కి పత్రికలు శ్రీలంక రక్షకుడు అని పేరు పెట్టాయి. అయితే దాడి వస్తుందన్న సంగతి బ్రిటిష్ వాళ్ళకి కొంత ముందే తెలుసు. జపాన్ రహస్య సంకేతాలు ఛేదించే బృందం కొలంబోలోనే పనిచేసేది, ఏప్రిల్ 1 ప్రాంతంలో దాడి ఉండొచ్చని వాళ్ళు చెప్పారు. అడ్మిరల్ సోమర్‌విల్ ఓడలు సముద్రంలో కాపు కాశాయి కూడా. ఎవరూ రాకపోయేసరికి నీళ్ళూ ఇంధనమూ నింపుకోవడానికి దూరంగా మాల్దీవుల్లోని అడ్డూ అటాల్‌కి వెళ్ళిపోయాయి. అంటే ఏం జరుగుతుందో తెలుసు, ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలీదు. ఆ రెండు ఖాళీలూ నింపింది బిర్చాల్ సందేశం. దాడి ఖాయం అని తేలాక కొలంబో రేవులోంచి చాలా ఓడలని రాత్రికి రాత్రి బయటికి పంపేశారు.

6. ఏప్రిల్ 5, 6, 9

మర్నాడు ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. పొద్దున్నే వందకు పైగా విమానాలు కొలంబో మీదికి వచ్చాయి. రేవు చాలావరకు ఖాళీ అయింది కాబట్టి నష్టం తగ్గింది. కానీ విచిత్రం చూడండి, ముందురోజే హెచ్చరిక వచ్చినా రత్మలాన ఎయిర్‌ఫీల్డ్‌లో ఫైటర్ పైలట్లకి శత్రు విమానాలు నెత్తి మీదికి వచ్చేదాకా తెలియలేదు. వందల కిలోమీటర్లు దాటి వచ్చిన సమాచారం చివరి నాలుగు కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఇంకో విషాదం కూడా జరిగింది. హెచ్చరిక విని కొలంబో నుంచి బయటికి వెళ్ళిన డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూజర్లని జపాన్ విమానాలు నడిసముద్రంలో పట్టుకుని ముంచేశాయి. 424 మంది పోయారు.

ఏప్రిల్ 6న వంతు మనది. ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో రేవు ప్రాంతం దెబ్బతింది, కొందరు చనిపోయారు. ఎదుర్కోవడానికి తగిన రక్షణ అక్కడ లేదు. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి.

కాకినాడకి కెనడా అప్పటికే కొత్త కాదు. 1874 నుంచి కెనడా బాప్టిస్టు మిషన్ అక్కడ ఉంది, వాళ్ళు పెట్టిన మెక్‌లారిన్ హైస్కూల్ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. కాకినాడవాళ్ళకి కెనడా అంటే బడి, ఆసుపత్రి. ఆ వారం మాత్రం అదే దేశంవాడు ఒకడు మన సముద్రపు అవతలి చివర యుద్ధఖైదీగా జపాన్ ఓడలో ఉన్నాడు.

ఏప్రిల్ 9న ట్రింకోమలీ. ఈసారి కూడా ముందుగా శత్రువుని చూసింది 413వ స్క్వాడ్రన్ కాటలీనాయే. పైలట్ రే థామస్. వాళ్ళ విమానాన్ని కూల్చేశారు, ఒక్కరూ బతకలేదు. బిర్చాల్ పేరు పక్కన ఈ పేరు ఎక్కువగా కనిపించదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

7. మన ఊళ్ళకి ఎంత దూరం?

అక్షాంశ రేఖాంశాలు ఇస్తే దూరం లెక్కకట్టే హావర్‌సైన్ సూత్రం మనందరికీ ఏదో ఒక లాబ్‌లో తగిలే ఉంటుంది. దానితో లెక్కేస్తే సూర్యలంక నుంచి కాకినాడ సరళరేఖలో సుమారు 220 కిలోమీటర్లు, విశాఖ సుమారు 360, మద్రాసు సుమారు 310. ర్యూజో మీద ఉన్న బాంబర్లు గంటకి 250 కిలోమీటర్ల చుట్టుపక్కల వేగంతో వెళ్ళేవి. అంటే కాకినాడ మీద తిరిగిన విమానానికి బాపట్ల ఒక గంట లోపు దూరం. తెనాలి, బాపట్ల రెండూ మద్రాసు–కలకత్తా రైలు మార్గం మీద ఉన్నాయి. సైన్యం, సరుకు, పారిపోతున్న జనం అందరూ ఆ పట్టాల మీదే కదలాలి. మద్రాసు నగరమే ఆ ఏప్రిల్‌లో సగం ఖాళీ అయింది, ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్ళకి తరలిపోయాయి. మధ్యలో ఉన్న మన ఊళ్ళు నిశ్చింతగా ఉండే అవకాశం లేదు.

8. అదే సంవత్సరం, తెనాలి

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న తేడా దగ్గరికి వద్దాం.

విశాఖ మీద బాంబులు పడిన రోజున ఢిల్లీలో స్టాఫర్డ్ క్రిప్స్ మన నాయకులతో బేరం చేస్తున్నాడు. యుద్ధంలో సాయం చేయండి, స్వపరిపాలన తర్వాత చూద్దాం అన్నది సారాంశం. ఆ చర్చలు విఫలమయ్యాయి. అదే ఏప్రిల్ 27న కెనడా ప్రభుత్వం, నిర్బంధంగా సైన్యంలో చేర్చుకుని విదేశాలకి పంపొచ్చా అని తన ప్రజలని ఓటు అడిగింది. ఒకే నెల, ఒకే యుద్ధం. ఒక దేశంలో బ్యాలెట్ పెట్టె, ఇంకో దేశంలో వాయిదా.

ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం, మర్నాడు గాంధీజీ, మిగతా నాయకుల అరెస్టు. ఆగస్టు 12న తెనాలి లేచింది. హర్తాళ్, ఊరేగింపు, రైల్వే స్టేషన్‌కి నిప్పు. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. ఈరోజు తెనాలిలో రణరంగ చౌక్‌లో ఉన్న స్థూపాలు వాళ్ళవే. మనలో చాలామందికి అది ఆటో దిగే పాయింటు మాత్రమే.

సరిగ్గా వారం తర్వాత, ఆగస్టు 19న ఫ్రాన్స్‌లోని డియెప్ తీరంలో కెనడా సైనికులు 900 మందికి పైగా చనిపోయారు. వాళ్ళు తమ దేశం తీసుకున్న నిర్ణయం కోసం చనిపోయారు. తెనాలిలో ఏడుగురు, నిర్ణయం తీసుకునే హక్కు కోసమే చనిపోయారు. ఈ రెండు వాక్యాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప 1942 మనకి పూర్తిగా అర్థం కాదని నా అభిప్రాయం. జపాన్ బాంబులు నిజం. బ్రిటిష్ తూటాలూ నిజం. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని దాచలేం.

9. బియ్యం, గోధుమలు

బర్మా పోవడంతో ఏటా పది లక్షల టన్నులకి పైగా వచ్చే బియ్యం ఆగిపోయింది. ధరలు పెరిగాయి. 1943లో బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. కారణాలు ఎన్నో: తుఫాను, ధరలు, యుద్ధ అవసరాల పేరుతో పడవలూ ధాన్యమూ స్వాధీనం చేసుకోవడం, ప్రభుత్వ నిర్లక్ష్యం. ఆ సంవత్సరం చివర్లో కెనడా లక్ష టన్నుల గోధుమలు ఇస్తామంది. కెనడా నుంచి ఓడ రావడానికి రెండు నెలలు పడుతుంది, ఆస్ట్రేలియా నుంచి అయితే దగ్గర అని చెప్పి చర్చిల్ ఆ సాయాన్ని తీసుకోలేదు. ఇవ్వడానికి సిద్ధపడ్డ దేశం ఉంది, తినడానికి లేక చచ్చిపోతున్న జనం ఉన్నారు, మధ్యలో ఓడలు ఎవరి చేతుల్లో ఉన్నాయి అన్నదే సమస్య. ‘ఎక్కువ ఆహారం పండించండి’ అన్న ప్రచారం దేశమంతా నడిచిన రోజులవి. మన బాపట్ల వ్యవసాయ కళాశాల మొదలైంది కూడా ఆ కాలంలోనే, 1945లో.

10. మోసుకెళ్ళే ఏనుగు

కెనడా పాత్ర కాటలీనాలతో ఆగలేదు. 1944లో పంజాబ్‌లోని గుజ్రాత్ అనే ఊళ్ళో (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) 435, 436 స్క్వాడ్రన్లు ఏర్పడ్డాయి. డకోటా రవాణా విమానాలతో ఇంఫాల్ ప్రాంతం నుంచి బర్మాలో పోరాడుతున్న పద్నాలుగో సైన్యానికి బియ్యం, పెట్రోలు, మందుగుండు మోశాయి, గాయపడ్డవాళ్ళని వెనక్కి తెచ్చాయి. ఆ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. 436 చిహ్నం మీద దుంగ మోసే ఏనుగు ఉంటుంది. నినాదానికి అర్థం, మేం బరువు మోస్తాం అని. రోడ్లు లేని అడవిలో గెలిపించేది తుపాకీ ఒక్కటే కాదు, సరఫరా అని ఆ ఏనుగు చెప్తుంది.

11. ఆ తర్వాత

బిర్చాల్ మూడేళ్ళకి పైగా జపాన్ ఖైదీ శిబిరాల్లో ఉన్నాడు. జబ్బుపడ్డ ఖైదీలతో పని చేయిస్తుంటే అడ్డుపడ్డాడు, దెబ్బలు తిన్నాడు. రహస్యంగా రాసుకున్న డైరీలు తర్వాత యుద్ధ నేరాల విచారణలో ఉపయోగపడ్డాయి. 2004లో, 89 ఏళ్ళ వయసులో చనిపోయాడు. అకాగి, సోర్యు, హిర్యు నౌకలు రెండు నెలల్లోనే మిడ్వే యుద్ధంలో మునిగాయి. మన కాకినాడ మీద విమానాలు పంపిన ర్యూజో అదే ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర మునిగింది. 413వ స్క్వాడ్రన్ ఇప్పటికీ ఉంది, కెనడా తూర్పు తీరంలో సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే పని చేస్తోంది.

ఇప్పుడు మన సీనియర్లు ఎమ్మెస్ కోసం టొరంటో, వాంకోవర్ వెళ్తున్నారు. వెళ్ళేవాళ్ళకి ఒక మాట. నవంబర్ 11న అక్కడ అందరూ చొక్కాకి ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుంటారు. ఎవరైనా ఎందుకో చెప్పబోతే వినండి. తర్వాత మీరూ చెప్పండి: మీ బిర్చాల్ చూసిన ఓడల తోటి ఓడ మా కాకినాడ మీదికి విమానాలు పంపింది, అదే సంవత్సరం మా తెనాలిలో ఏడుగురు ఓటు కూడా అడగని యుద్ధం మధ్యలో స్వేచ్ఛ అడిగి చనిపోయారు అని.

ఇక్కడే ఉండేవాళ్ళకి చిన్న పని. ఇంట్లో ఎనభై ఐదు దాటిన తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే బాంబుల భయం రోజుల గురించి వాళ్ళ పెద్దవాళ్ళు ఏం చెప్పేవారో అడగండి. చెప్పింది చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. తర్వాత ఒకసారి తెనాలి వెళ్ళినప్పుడు రణరంగ చౌక్ దగ్గర ఐదు నిమిషాలు ఆగి, ఆ ఏడు పేర్లు చదవండి. బిర్చాల్ సందేశాన్ని చేరేలా చేయడానికి మళ్ళీ మళ్ళీ పంపారు. ఆ పేర్లని కూడా ఒకరి తర్వాత ఒకరం పలుకుతూ ఉంటేనే మన తర్వాతి బ్యాచ్‌లకి చేరతాయి.